యానిమేషన్ టెస్ట్ చేతికొచ్చింది, గడువు 5 రోజులే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో స్టూడియో ఉద్యోగానికి రీల్ (మీ మంచి షాట్లు కూర్చిన చిన్న వీడియో) నచ్చితే సరిపోదు, చాలాచోట్ల టెస్ట్ అనే ఇంకో గడప దాటాలి. ఒక రిగ్ (కదపడానికి కంట్రోళ్లు అమర్చిన 3డీ పాత్ర), ఏం చేయాలో చెప్పే నాలుగు లైన్ల బ్రీఫ్, ఒక గడువు మెయిల్‌లో వస్తాయి. మెయిల్ వచ్చిన గంటలోపే మాలాంటి సీనియర్లకు ఫోన్లు మొదలవుతాయి. ఫోన్ చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌కీ మారతారు, అడిగేవి మాత్రం అవే. ఒకచోట రాసిపెడితే నా గొంతుకీ కాస్త విశ్రాంతి.

ఉదాహరణగా మామూలుగా వచ్చే టెస్టునే తీసుకున్నాను. సెకనుకు 24 ఫ్రేములు, 8 సెకన్ల షాట్. పాత్ర ఒక బరువైన పెట్టెను నేల మీంచి ఎత్తి బల్ల మీద పెట్టాలి. మాయా అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ల కోసం రాసినా, అలాంటిదే అయిన బ్లెండర్ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

## మెయిల్ వచ్చిన రోజు

మెయిల్ ఇప్పుడే వచ్చింది. వెంటనే మాయా ఓపెన్ చేసి మొదలుపెట్టేయనా?

వద్దు. ముందు బ్రీఫ్‌ను కాగితం మీద మీ మాటల్లో రాసుకోండి. ఫ్రేమ్ రేటు ఎంత, నిడివి ఎంత, కెమెరా కదలొచ్చా, రిగ్ వాళ్లదేనా, ఫైనల్‌గా ఏం పంపాలి, ఏ రోజు ఎన్ని గంటలకు? "8 సెకన్లు మించకూడదు" అని స్పష్టంగా ఉన్నా 12 సెకన్లు చేసి పంపినవాళ్లను చూశాను. చెప్పింది వినేవాడా కాదా అన్నది కూడా ఆ టెస్టులో ఒక పరీక్షే. రెండో పని, రిగ్ డౌన్‌లోడ్ చేసి మీ వెర్షన్‌లో తెరుచుకుంటోందో లేదో చూడటం. తెరుచుకోకపోతే ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

బ్రీఫ్‌లో కొన్ని క్లియర్‌గా లేవు. అడిగితే చులకన అవుతామా?

అవ్వరు. ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో, నంబర్లు వేసి అడగండి. రోజుకో ప్రశ్న పంపితేనే విసుగు. జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా, "మీరు వేరేలా చెప్పకపోతే కెమెరా కదపకుండా చేస్తాను" అని మీ నిర్ణయం కూడా అందులోనే రాసేయండి.

5 రోజులున్నాయి. ఏ రోజు ఏం చేయాలి?

నేను చెప్పే లెక్క ఇది. మొదటి రోజు ఐడియా, రిఫరెన్స్ (చూసి చేయడానికి తీసుకునే వీడియో), బొమ్మలు. రెండో రోజు, మూడో రోజు మధ్యాహ్నం దాకా బ్లాకింగ్, అంటే పోజులను వాటి ఫ్రేముల్లో పెట్టడం. మూడో రోజు సాయంత్రం ఎవరికైనా చూపించి, చెప్పిన మార్పులు అప్పుడే చేసేయాలి. నాలుగో రోజు స్ప్లైన్, అంటే ఆ పోజుల మధ్య కదలికను సాఫీగా కలపడం. ఐదో రోజు మధ్యాహ్నం దాకా పాలిష్, ఆ తర్వాత పంపే పని తప్ప ఇంకేమీ పెట్టుకోకూడదు.

సగం గడువు అయ్యేసరికి ఒక్క కర్వ్ (కదలికను చూపే గ్రాఫ్ గీత) కూడా ముట్టుకోలేదేంటని కంగారు పడతారు. పడక్కర్లేదు. స్ప్లైన్‌లో రోజులు కరిగిపోయేది ఆ గీతలు దిద్దే గ్రాఫ్ ఎడిటర్ కష్టమై కాదు. పోజ్ ఏంటో, ఎన్నో ఫ్రేమ్‌కి రావాలో తేల్చుకోకుండా అక్కడికి వెళ్తాం కాబట్టి. తేల్చుకోని షాట్‌కి ఎన్ని కర్వులు సాఫీ చేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

నేను ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం రెండు గంటలే దొరుకుతాయి. ఒప్పుకోవాలా?

5 రోజులు అంటే మీకు 10 గంటలు. అందులో 8 సెకన్లు పాలిష్ దాకా తేవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఒప్పుకునేముందే "ఉద్యోగంలో ఉన్నాను, వారాంతం కలిసేలా గడువు ఇవ్వగలరా?" అని అడగండి. చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే, బ్రీఫ్ ఒప్పుకుంటే, 4 సెకన్ల ఐడియా ఎంచుకోండి.

టెస్ట్‌కి డబ్బులు ఇవ్వరా? ఫ్రీగా పని చేయించుకుంటున్నారేమో?

మామూలుగా ఇవ్వరు. విడిగా తయారుచేసిన రిగ్, అందరికీ ఇచ్చే ఒకే బ్రీఫ్, కొన్ని సెకన్ల నిడివి అయితే అనుమానించాల్సింది లేదు. నడుస్తున్న సీరీస్‌లోని పాత్ర, సీక్వెన్స్ నంబరున్న షాట్, వెనకాల రెడీగా ఉన్న సెట్, పైగా 20 సెకన్లు అంటే ఆగి అడగండి: "ఈ షాట్ ప్రొడక్షన్‌లో వాడతారా?" జవాబు తేలిగ్గా రాకపోతే మీ జవాబు మీకు దొరికినట్టే. ఇక టెస్ట్ కోసమో, ఉద్యోగం కోసమో మిమ్మల్నే డబ్బు కట్టమంటే అక్కడితో వదిలేయండి.

## ఐడియా, రిఫరెన్స్

మంచి కథ ఉంటే బాగుంటుంది కదా, ఎంత పెద్ద ఐడియా తీసుకోవాలి?

ఒక పాత్ర, ఒక పని, మధ్యలో మనసులో ఒక మార్పు. 8 సెకన్లకి అది చాలు. "తేలికే అనుకుని ఒంటిచేత్తో పట్టుకుంటాడు, కదలదు, ఎవరైనా చూశారా అని పక్కకి చూసి, ఈసారి రెండు చేతులూ వేస్తాడు." ఇంతే కథ.

నా మొదటి టెస్ట్‌లో నేను 14 సెకన్ల ఐడియా పట్టుకున్నాను. కుక్క కూడా ఉంది అందులో. గడువు రోజు రాత్రికి మొదటి 9 సెకన్లు పాలిష్ అయ్యాయి, మిగతా 5 సెకన్లు బ్లాకింగ్‌లోనే పంపాను. ఉద్యోగం రాలేదు. తర్వాత టెస్టులు చూసే కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది, నేనైనా ఇవ్వను.

రిఫరెన్స్ నేనే చేయాలా? యూట్యూబ్‌లో దొరికింది వాడొచ్చా?

యాక్టింగ్‌కి మీరే చేయండి, సిగ్గుపడితే కుదరదు. ఒకటి రెండు టేకులతో ఆపొద్దు. మొదటివి నటించినట్టే ఉంటాయి, పదో టేకు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు అలిసి నిజమైన కదలిక బయటపడుతుంది. ఖాళీ అట్టపెట్టెను బరువుగా ఉన్నట్టు ఎత్తొద్దు, ఒళ్లు అబద్ధం చెప్పేస్తుంది. ఇంట్లో నిండు గ్యాస్ సిలిండర్ ఉంటే అది దాదాపు 30 కిలోలు, ఖాళీది అందులో సగం. నడుం జాగ్రత్త చూసుకుని రెండిటినీ ఒకసారి కదిపి చూడండి, ఏ వీడియో చెప్పని తేడా తెలుస్తుంది. మార్కెట్ యార్డులో బస్తా మోసే హమాలీ అడుగులు ఎంత పొట్టిగా, ఎంత వేగంగా పడతాయో గమనించండి. బరువు మోసేవాడు నెమ్మదిగా నడుస్తాడన్నది మన ఊహే. ఎంత త్వరగా దింపేద్దామా అని చూస్తాడు.

ఫోన్‌లో తీసిన రిఫరెన్స్ మాయాలో పెడితే స్లోగా వస్తోంది. ఎందుకు?

ఫోన్లు ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. 10 సెకన్ల వీడియోను ఇమేజ్ సీక్వెన్స్‌గా మారిస్తే 300 బొమ్మలు. వాటిని 24 లెక్కన ఆడిస్తే 12.5 సెకన్లు పడుతుంది. ఆ టైమింగ్‌నే నమ్ముకుని చేస్తే షాట్ అంతా చంద్రుడి మీద తీసినట్టు ఉంటుంది. ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24కి మార్చి, నిడివి మారలేదని చూసుకున్నాకే ఇమేజ్ సీక్వెన్స్ తీయండి. ఫోన్లు ఫ్రేమ్ రేటును మధ్యమధ్యలో అటూ ఇటూ మారుస్తాయి కూడా, ఈ మార్పుతో అదీ సర్దుకుంటుంది.

నాకు డ్రాయింగ్ రాదు. థంబ్‌నెయిల్స్ (పోజుల చిన్న బొమ్మలు) తప్పదా?

పుల్లల బొమ్మలు చాలు. నడుం ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, తల ఎటు చూస్తోంది అన్నవి కనిపిస్తే చాలు. రిఫరెన్స్‌ని ఉన్నదున్నట్టు దించేస్తే పోజులు పేలవంగా వస్తాయి. గీసేటప్పుడు ఆ వంపును ఇంకాస్త వంచుతాం, అందుకే గీయమనేది. తోలుబొమ్మలాటలో బొమ్మ బయటి రూపం చూస్తేనే ఎవరేం చేస్తున్నారో వెనక వరసలో కూర్చున్నవాడికీ తెలుస్తుంది. మీ పోజునీ నల్లగా నింపి, బయటి రూపం ఒక్కటే చూడండి.

## బ్లాకింగ్

రిగ్ ఓపెన్ చేయగానే ఏం చూసుకోవాలి?

అరగంట ఆడుకోండి. మోచేయి, మోకాలు పూర్తిగా వంచి ఎక్కడ విరుగుతుందో చూడండి. ముఖంలో ఏ కంట్రోల్ ఏం చేస్తుందో చూడండి. రిగ్‌ను మాయాలో రిఫరెన్స్ చేసి (అంటే ఫైల్‌ను లింకుగా తెచ్చుకుని) సీన్ మొదలుపెట్టండి, ఇంపోర్ట్ చేయకండి. ప్లేబ్యాక్‌ను 24కి పెట్టండి. "ప్లే ఎవ్రీ ఫ్రేమ్"లో ఉంటే మీరు చూసే వేగం అబద్ధం, పైగా సౌండ్ కూడా వినిపించదు.

బ్లాకింగ్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

స్టెప్డ్‌లో (పోజులు ఆగి ఆగి మారే పద్ధతిలో) ఉన్న ప్లేబ్లాస్ట్‌ను, అంటే రెండర్ లేకుండా మాయా తీసిచ్చే వీడియోను, యానిమేషన్ తెలియని మనిషికి, ఇంట్లో అమ్మకైనా సరే, ఒక్కసారి చూపించి "ఏం జరిగింది?" అని అడగండి. మీరు నోరు విప్పకుండానే కథ ఆమె చెబితే అయిపోయినట్టు. "బాగుందిరా" అంటే ఇంకా కాలేదు. ముఖ్యమైన పోజులే కాక వాటి మధ్య వచ్చే పోజులు, అంటే బ్రేక్‌డౌన్లు కూడా పడి ఉండాలి. వేగంగా జరిగే చోట 2 నుంచి 4 ఫ్రేములకొక పోజు ఉంటే స్ప్లైన్‌లో మాయా సొంత తెలివి చూపించే అవకాశం తగ్గుతుంది.

పెట్టె బరువుగా కనిపించడం లేదు, థర్మాకోల్ ఎత్తినట్టుంది. ఎక్కడ తప్పు?

ఎక్కువసార్లు తప్పు పెట్టెలో ఉండదు, పెట్టె కదలడానికి ముందున్న ఫ్రేముల్లో ఉంటుంది. బరువైనది ఎత్తేటప్పుడు మనిషి ముందు కాళ్లు ఎడం చేస్తాడు, నడుం దింపుతాడు, చేతులు బిగుసుకుని నిటారుగా సాగుతాయి, భుజాలు కిందికి లాగబడతాయి. ఇదంతా జరిగాక కూడా పెట్టె కొన్ని ఫ్రేములు నేల మీదే ఉంటుంది. ఒళ్లు కదిలిన ఫ్రేమ్‌లోనే పెట్టె కూడా లేస్తే అది థర్మాకోలే.

లేచాక ఒళ్లు వెనక్కి వాలాలి. పెట్టె, మనిషి కలిపిన బరువు పాదాల మీద పడాలి కదా, నిటారుగా నిలబడితే ముందుకి బోర్లా పడాల్సిందే. పక్క నుంచి కెమెరా పెట్టి ఒక గీత వేసుకుని చూస్తే వెంటనే దొరుకుతుంది. బల్ల మీద పెట్టేటప్పుడు ముందు ఒక అంచు ఆనుతుంది, తర్వాత తోస్తారు. చేతులు వదిలాక నడుం ఒక్కసారిగా తేలికై పైకి వస్తుంది. ఆ తేలిక చూపించకుండా పంపేవాళ్లే ఎక్కువ.

పెట్టె జారి పడుతుంది. బరువైనది కాబట్టి ఫాస్ట్‌గా పడాలా?

బరువుకీ పడే వేగానికీ సంబంధం లేదు. 75 సెంటీమీటర్ల బల్ల మీంచి ఇనుప పెట్టె పడినా చెక్క పెట్టె పడినా నేలను తాకడానికి సుమారు 0.39 సెకను, అంటే 9 లేదా 10 ఫ్రేములు. స్పేసింగ్ (ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య కదిలే దూరం) కూడా తెలిసిందే: ఆ టైమ్‌లో మొదటి సగంలో పడేది నాలుగో వంతు దూరమే, మిగతా ముప్పావు రెండో సగంలో. బరువు తెలిసేది నేల తాకాక. తేలికది ఎగిరి దొర్లుతుంది, బరువైనది ఒక్కసారి కదిలి చతికిలబడుతుంది. గెంతడానికీ ఇదే లెక్క: నడుం 30 సెంటీమీటర్లు లేస్తే గాల్లో ఉండేది మొత్తం 12 ఫ్రేములే. జూనియర్ల టెస్టుల్లో అది 20 దాకా ఉంటుంది.

చేతులు ఐకేలో ఉంచాలా, ఎఫ్‌కేలోనా?

దేన్నైనా పట్టుకున్నప్పుడు, ఆనుకున్నప్పుడు ఐకే, అంటే అరచేతిని ఒకచోట పెడితే మోచేయి దానంతటదే సర్దుకునే పద్ధతి. గాల్లో ఊగేటప్పుడు ఎఫ్‌కే, అంటే భుజం, మోచేయి, మణికట్టు ఒక్కోటీ విడిగా తిప్పే పద్ధతి. మధ్యలో మార్చాలంటే చెయ్యి వేగంగా కదిలే ఫ్రేమ్‌లో మార్చండి, కుదుపు దాక్కుంటుంది. గడువు తక్కువున్నప్పుడు ఒక చేతికి ఒకటి రెండు కంటే ఎక్కువ మార్పులు పెట్టుకోకండి.

తెలుగు డైలాగ్ ఇచ్చారు. నేర్చుకున్న లిప్‌సింక్ అంతా ఇంగ్లిష్‌దే. తేడా ఉంటుందా?

ఉంటుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి మాట చివర నోరు టక్కున మూసుకోదు, ఆ అచ్చు ఆకారంలోంచే తర్వాతి మాటలోకి జారుతుంది. ప, బ, భ, మ దగ్గర పెదవులు కలిసి తీరాలి, ఎంత వేగంగా మాట్లాడినా కనీసం 2 ఫ్రేములు. ద్విత్వం వస్తే ఇంకా ఆగాలి. "అమ్మ"లో, "చెప్పు"లో పెదవులు అతుక్కుని ఉండే సమయం "ఆమె"లో కంటే బాగా ఎక్కువ. ఇక్కడ తొందరపడితే సౌండ్ సరిగ్గా ఉన్నా డబ్బింగ్ సినిమాలా అనిపిస్తుంది. "వ"కి పెదవులు పూర్తిగా మూయకండి.

నోటి ఆకారం సౌండ్ కంటే 1 లేదా 2 ఫ్రేములు ముందుంటే కంటికి సరిపోతుంది. అన్నిటికంటే ముందు దవడ కదలిక ఒక్కటే చేసి ప్లేబ్లాస్ట్ చూడండి. అది కుదిరితే మిగతాది తేలిక. గడువు దగ్గరపడితే నాలుక వదిలేయొచ్చు కానీ కళ్లు వదలకూడదు. చూసేవాళ్లు కళ్లనే చూస్తారు.

## స్ప్లైన్, పాలిష్

బ్లాకింగ్‌లో బాగుంది. స్ప్లైన్ చేయగానే నీళ్లలో తేలుతున్నట్టు అయిపోయింది. ఎందుకు?

స్టెప్డ్‌లో ప్రతి పోజూ ఆగి ఉంటుంది, తర్వాతిది ఒక్క ఫ్రేమ్‌లో వచ్చేస్తుంది. స్ప్లైన్ చేయగానే ఆ ఆగడం పోయి, రెండు పోజుల మధ్య టైమ్ అంతా నెమ్మదైన కదలికగా మారిపోతుంది. పోజు ఎంతసేపు నిలవాలో అంతసేపటి తర్వాత దాన్నే మళ్లీ కీ చేయండి (ఆ ఫ్రేమ్‌లో నమోదు చేయండి), అప్పుడు కదలికకి 5 నుంచి 8 ఫ్రేములే మిగులుతాయి. నిలిచిన పోజు రాయిలా ఉండకుండా రెండో కీలో కొంచెం ముందుకు నెట్టండి, అదే మూవింగ్ హోల్డ్.

షాట్ అంతా ఒకేసారి స్ప్లైన్ చేసి భయపడొద్దు. మొదటి 2 సెకన్లు, అందులోనూ ముందు నడుం, తర్వాత వెన్ను, తల, చివరికి చేతులు. నడుం కర్వ్ సరిగ్గా లేనప్పుడు వేళ్లు దిద్దుతూ కూర్చోవడం పునాది తడి ఆరకుండా రంగులేయడం లాంటిది.

మణికట్టు ఉన్నట్టుండి గిర్రున తిరుగుతోంది. నేను పెట్టిన కీఫ్రేములు సరిగ్గానే ఉన్నాయి.

రొటేషన్ విలువలు 180 నుంచి మైనస్ 180కి దూకి ఉంటాయి. గ్రాఫ్ ఎడిటర్‌లో మూడు రొటేషన్ కర్వులూ కలిపి సెలెక్ట్ చేసి ఈ దూకుడును సరిచేసే యూలర్ ఫిల్టర్ కొట్టండి. ఎక్కువసార్లు పోతుంది. పోకపోతే గింబల్ లాక్, అంటే తిరిగే అక్షాలు రెండు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుకోవడం. ఆ కంట్రోల్ రొటేట్ ఆర్డర్‌ను (మూడు అక్షాలు తిరిగే వరసను) కీలు పెట్టకముందే సరిచూసుకుని ఉండాల్సింది. ఇప్పుడైతే ఆ నాలుగు ఫ్రేముల్లో చేత్తో దిద్దడమే త్వరగా అయ్యే దారి.

సగం టైమ్ అయ్యాక ఐడియా బాగాలేదనిపిస్తోంది. మార్చనా?

మార్చొద్దు. మూడో రోజు అందరికీ అలాగే అనిపిస్తుంది, వందసార్లు చూసిన జోక్‌కి నవ్వు రాదు. కాసేపు బయటికెళ్లి ఇరానీ చాయ్ తాగి వచ్చి, వ్యూను అద్దంలోలా అటు ఇటు తిప్పి చూడండి.

గడువు రేపే. చాలా మిగిలింది. ఏది వదిలేయాలి?

చూసేవాళ్లు ఏ వరసలో చూస్తారో ఆ వరసలో కాపాడుకోండి: పోజు, టైమింగ్, బరువు, కళ్లు. వేళ్ల ఓవర్‌ల్యాప్ (చెయ్యి ఆగాక వేళ్లు కాస్త ఆలస్యంగా ఆగడం), బట్టల కదలిక, లైటింగ్, రెండర్ వదిలేయండి. యానిమేటర్ టెస్టుకి శుభ్రమైన ప్లేబ్లాస్ట్ చాలు. జారే పాదాలు, టక్కుమనే మోకాలు, పెట్టెలోకి దూసుకెళ్లిన వేళ్లు మాత్రం దిద్దాల్సిందే. ఇవి తప్పులుగా కంటే అజాగ్రత్తగా కనిపిస్తాయి. నిడివి తగ్గించే వీలుంటే చివరి సెకనున్నర కోసేయండి, ఎవరూ వెతకరు.

వీడియో నుంచి మోషన్ తీసిచ్చే ఏఐ టూల్స్ వాడొచ్చా?

బ్రీఫ్‌లో ఒప్పుకుంటే తప్ప వద్దు. సీన్ ఫైల్ అడిగితే ప్రతి ఫ్రేమ్‌లో ఒక కీ కనిపిస్తుంది, దొరికిపోతారు. దొరక్కపోయినా "తల ఇంకో 3 ఫ్రేములు ఆలస్యంగా తిప్పు" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ కీల అడవిలో ఏం తిప్పుతారు?

మాయా క్రాష్ అయింది, కరెంటు కూడా పోయింది. ఎలా కాపాడుకోవాలి?

ఇంక్రిమెంటల్ సేవ్ ఆన్ చేయండి, ఫైల్‌ను ఎమ్‌బీ (మాయా బైనరీ)గా కాక ఎమ్‌ఏ (మాయా ఆస్కీ)గా సేవ్ చేయండి. ఎమ్‌ఏ టెక్స్ట్ ఫైల్, పాడైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి కొంతైనా దక్కించుకోవచ్చు. క్రాష్ అయ్యేటప్పుడు మాయా టెంప్ ఫోల్డర్‌లో ఒక కాపీ వదలడానికి ప్రయత్నిస్తుంది, ముందు అక్కడ వెతకండి. రాత్రి పడుకునేముందు ఒక కాపీ ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టండి. ఎండాకాలం టెస్ట్ అయితే డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా కూర్చోకండి.

## పంపడం, ఆ తర్వాత

ఏమేం పంపాలి?

వాళ్లు అడిగినవే. మామూలుగా ఒక ఎమ్‌పీ4, అడిగితే సీన్ ఫైల్. మీ పేరు, వెర్షన్ నంబర్ ఫైల్ పేరులోనే ఉండాలి. "ఫైనల్ ఫైనల్ న్యూ" అని కాదు. ప్లేబ్లాస్ట్‌లో ఫ్రేమ్ నంబర్ కనిపించేలా పెట్టండి, పాత్ర చుట్టూ కనిపించే కంట్రోల్ గీతలు దాచండి. డ్రైవ్ లింకుకి అనుమతి ఇచ్చారో లేదో వేరే అకౌంట్ నుంచి తెరిచి చూసుకోండి. గడువు రాత్రి 12 అని నేనొకసారి 11:50కి లింక్ పంపి హాయిగా పడుకున్నాను. పొద్దున చూస్తే "యాక్సెస్ లేదు" అని మెయిల్.

పూర్తి కాలేదు. ఇంకో రోజు అడగొచ్చా?

అడగొచ్చు, ముందురోజే అడగాలి. ఉన్న స్థితిలో ఉన్న ప్లేబ్లాస్ట్ జతచేసి, ఏం మిగిలిందో రెండు లైన్లు రాయండి. గడువు దాటాక వచ్చే జ్వరాలను, పెళ్లిళ్లను ఎవరూ నమ్మరు, నిజమైనవైనా సరే.

ఆఫీసుకి పిలిచి ఒక్క రోజులో చేయమంటున్నారు. అప్పుడెలా?

మీ షెల్ఫులు (మీరు పేర్చుకున్న బటన్ల వరసలు), హాట్‌కీలు, యానిమ్‌బాట్ లాంటి టూల్స్ అక్కడ ఉండకపోవచ్చు, ఉత్త మాయాలో రెండు రోజులు ముందే సాధన చేయండి. 8 గంటలైతే ఒక గంట ప్లానింగ్‌కి కచ్చితంగా ఇవ్వండి, ఫోన్ అనుమతిస్తే మెట్ల దగ్గరే రిఫరెన్స్ తీసుకోండి. ఇక్కడ మెరిసే పాలిష్‌ని ఎవరూ ఆశించరు. మంచి బ్లాకింగ్, ఒక్క 2 సెకన్లు శుభ్రమైన స్ప్లైన్ ఉంటే చాలు. భోజనం మానేయకండి, మూడింటికల్లా కళ్లు తిరుగుతాయి.

పంపి రెండు వారాలైంది. జవాబు లేదు. ఆ షాట్ రీల్‌లో పెట్టుకోవచ్చా?

వారం దాటితే ఒక చిన్న మెయిల్, ఇంకో వారానికి ఇంకొకటి, అంతే. రీల్ సంగతికొస్తే, రిగ్ వాళ్లది అయితే అనుమతి అడగాలి, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే అడగకుండా ఎక్కడా పెట్టకూడదు. అనుమతి రాకపోతే అదే షాట్‌ను ఉచితంగా దొరికే రిగ్ మీద మళ్లీ చేయండి, ఆ రిగ్ లైసెన్స్ ఒకసారి చదువుకుని. పోజులు, టైమింగ్ అన్నీ తేల్చుకున్నవే కాబట్టి ఈసారి రెండు రోజుల్లో అయిపోతుంది.